ఎర్రబొంత కట్టిన కరెంటు బండి

చలికాలం వచ్చిందంటే పసుపు నది ఒడ్డునున్న ఆ ఊళ్ళో కరెంటు బండ్లన్నీ బొంతలు కప్పుకుంటాయి. హ్యాండిలు మీద నుంచి నడిపేవాళ్ళ మోకాళ్ళ కింద దాకా వేలాడే దూది బొంత ఒకటి, చేతులు దూర్చుకోవడానికి సంచుల్లాంటి తొడుగులు రెండు. అవి లేకుండా నది గాలికి ఎదురెళ్ళినవాడు ఇంటికొచ్చాక తన మోకాళ్ళు ఎక్కడున్నాయో పూటంతా వెతుక్కోవాల్సిందే. బజార్లో అమ్మే బొంతల మీద అన్నీ ఎలుగుబంట్లూ కుందేళ్ళూ! మీసాలు నెరిసిన పెద్దమనుషులు కూడా గులాబీరంగు కుందేలుపిల్లని ఒళ్ళో పరుచుకుని గంభీరంగా పోతూ ఉంటారు. ఎవరూ నవ్వరు. చలి ముందు పరువేమిటి!

రుయిచిన్ బండికి మాత్రం ఎర్రపట్టు బొంత. దాని మీద నీళ్ళలో ఈదుతున్న జంట బాతులు. అది వాళ్ళమ్మ సుజెన్ పెళ్ళిబొంత.

సుజెన్ కాపురానికి వచ్చిన ఏడాది నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టింది. ఆమెది అవతలి ఒడ్డు. పెళ్ళికొడుకు గెంగ్ షౌహె పడవవాడు. కరకట్టలకి రాళ్ళు మోసే తెరచాప పడవ మీద పని. ఆ పడవేమో రేవులో మంచు పట్టేసి అంగుళం కదల్లేదు. పెళ్ళికూతురి సామాను లాగాల్సిన గాడిద మంచు మీద కాలు పెట్టనని మొరాయించింది. సుజెన్ చూసి చూసి విసుగెత్తి, బొంతని తనే మూటకట్టి వీపున వేసుకుని నది మీద నడుచుకుంటూ వచ్చేసింది. ఆ తర్వాత కూడా షౌహె ఆమెని ఒక్కసారైనా పడవ ఎక్కించలేదు. సరుకు పడవలో ఆడవాళ్ళు అడుగు పెడితే అరిష్టమని ఆ రోజుల్లో పడవవాళ్ళ పట్టింపు. తర్వాత వంతెన పడింది, పడవ పొయ్యిలోకి పోయింది. సుజెన్ మాత్రం వదల్లేదు. గంజి వడ్డిస్తూ వడ్డిస్తూ, "జిల్లాలో రాళ్ళన్నిటినీ ఊరేగించాడు మహానుభావుడు, కట్టుకున్నదాన్ని మాత్రం నడిపించాడు" అని కూతురికి చెప్పినట్టు చెప్పేది. అప్పటికి ముసలాయనైన షౌహె తల వంచుకుని వెల్లుల్లి పచ్చడి నంజుకునేవాడు.

రెండు చలికాలాల కింద ఆవిడే పెట్టె తెరిచి ఆ బొంతని కత్తిరించి కూతురి బండికి కుట్టేసింది. ముసలాయన నెల్లాళ్ళు అలిగాడు.

"పెట్టెలో దాచి ఎవరికి కప్పుతావయ్యా? పిల్ల మోకాళ్ళు గడ్డకట్టి చస్తుంటే!" అంది సుజెన్.

పోయిన వసంతంలో ఆవిడ పోయింది. ఆ రోజు నుంచి పొద్దున్నే రుయిచిన్ బయల్దేరే ముందు ముసలాయన వాకిట్లోకి వచ్చి, బొంత తాళ్ళు విప్పి, పడవవాళ్ళ ముడి వేసి మళ్ళీ కడతాడు. పగలంతా ఎంత గాలి కొట్టినా ఆ ముడి సడలదు. సాయంత్రం మాత్రం ఒక్క లాగుకి విడిపోతుంది.

రుయిచిన్‌ది పక్క టౌన్లో పసిపిల్లల బడిలో వంటపని. మొగుడు దూరాన ఓడరేవులో పనిచేస్తాడు, కొత్త సంవత్సరానికి గానీ ఇల్లు చేరడు. అందుకని సాయంత్రాలు ఆమెకి ఇద్దరే: నాన్న, బండి. వచ్చీ రాగానే గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి చక్రాల మీద పేరుకున్న రోడ్డు ఉప్పుని తుడుస్తుంది. బ్రేకు తీగలకి నాలుగు చుక్కల నూనె వేస్తుంది. బ్యాటరీ ఊడదీసి, పాత కోటులో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గుమ్మం పక్కన పెడుతుంది. వెంటనే చార్జింగ్ పెట్టదు. ఊరి మొగదల బండ్లు బాగుచేసే షాంగ్ వదిన అది గట్టిగా చెప్పింది.

"చలిలోంచి వచ్చినదాని నోట్లో అన్నం కుక్కకే! కాసేపు ఊపిరి తీసుకోనీ. నువ్వు మాత్రం వచ్చీ రాగానే మింగుతావా?"

"నేను మింగుతాను వదినా. ఆకలేస్తుంది."

"అందుకే నీకు ఆ ఒళ్ళు, దానికి ఆ ఆయుష్షు."

ముసలాయనకి ఈ బ్యాటరీ మీద మొదట్లో నమ్మకం లేదు. సుజెన్ పోయాక నమ్మకం సంగతేమో గానీ దాని మీద జాలి మాత్రం పుట్టింది. తిరగేసి పెట్టనివ్వడు, పడవ తిరగబడుతుందని పడవవాళ్ళ ఇంట్లో గిన్నెలే బోర్లించకూడదాయె. ఎప్పుడు చూసినా దాని పక్కన కూర్చుని చెయ్యి వేసి చూస్తాడు. "చల్లగా ఉందమ్మాయ్" అంటాడు. "చల్లగానే ఉండాలి నాన్నా" అంటుంది ఆమె. ఆయన ఒప్పుకోడు. చల్లగా ఉన్నదాన్ని ఊరికే వదిలేయడం ఆయనకి చేతకాదు.

ఆ చలికాలం, వెనిగర్ జాడీలో ఊరేసిన వెల్లుల్లి రెబ్బలు చలికి ఆకుపచ్చగా మారుతున్న రోజుల్లో, నది మళ్ళీ ఒడ్డు నుంచి ఒడ్డు దాకా గడ్డకట్టింది. ఎన్నేళ్ళయిందో అలా కట్టి! జనం వంతెన మీద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ముసలాయన అన్నం తగ్గించాడంతే. తర్వాత ఒక సాయంత్రం ఊరి మైకులో చెప్పారు: ఎగువన ఎండలు ముదిరాయి, ఎల్లుండి లోపల మంచు కదులుతుంది, రేపు పొద్దుగూకాక కరకట్ట మీదికి ఎవరినీ రానివ్వరు.

మైకు ఆగాక ముసలాయన గిన్నె కింద పెట్టాడు.

"అమ్మాయ్, నన్ను పాత రేవు దాకా తీసుకెళ్తావా?"

"ఇంత చలిలోనా? డాక్టరు నీ గుండె గురించి ఏమన్నాడో గుర్తుందా?"

"డాక్టరు నది గురించి ఏమీ అనలేదుగా."

"వంతెన మీంచి చూపిస్తాను. అది దగ్గర."

"మీ అమ్మ వంతెన మీంచి రాలేదు. ఆవిడ నడిచొచ్చిన దారి ఒక్కసారి చూడాలమ్మా. మళ్ళీ నది కట్టేసరికి నేనుంటానా? మంచు పోతే దారీ పోతుంది."

రుయిచిన్‌కి గుండె చెరువైపోయింది. సరేనంది. కారు పిలిపిద్దామంటే అదొక తలనొప్పి: జీవితమంతా నీళ్ళ మీద ఊగిన మనిషి, కారెక్కితే వీధి మలుపులోనే కక్కుకుంటాడు. ఊరంతా దీని మీద జోకులే. ఇక మిగిలింది బండి. ఎండాకాలమైతే ఆ బ్యాటరీ పాత రేవుకి రెండుసార్లు పోయి వస్తుంది. ఈ చలిలో ఒక్కసారి పోయి వస్తే మహాభాగ్యం. నిండుగా చార్జింగ్ పెట్టి, మళ్ళీ కోటులో చుట్టి, గుమ్మం పక్కన పెట్టి పడుకుంది.

తెల్లారి లేచి చూస్తే గుమ్మం పక్కన కోటు ఒక్కటే ఉంది.

పరుగున నాన్న గదిలోకి వెళ్ళింది. వాళ్ళ వైపు ఇళ్ళలో పడక అంటే ఇటుక మంచం. వంటపొయ్యి పొగ దాని కడుపులోంచి పోయి వెచ్చబెడుతుంది. పొయ్యి వైపు కొసన వేడి ఎక్కువ, ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ చోటు ఇస్తారు. ముసలాయన తన చోటు బ్యాటరీకి ఇచ్చేశాడు! తను గోడవారకి ముడుచుకుని, దాని మీద తన రజాయి కప్పి, రజాయి మీద చెయ్యేసి నిద్రపోతున్నాడు.

"అయ్యో నాన్నా! ఎంత పని చేశావు!"

ఆయన కళ్ళు తెరిచి తృప్తిగా నవ్వాడు. "చూడు, ఎంత వెచ్చగా ఉందో. ఇప్పుడు పరిగెడుతుంది."

చెయ్యి వేస్తే చురుక్కుమంది. కోప్పడదామనుకుంది గానీ, చలికి ముక్కు ఎర్రబడిన ఆ ముసలి మొహం చూసి కోపం ఎటో పోయింది. నిప్పు అంటుకోనందుకు దేవుళ్ళందరికీ మొక్కుకుని, చీపురుతో వాకిట్లోకి తోసి, అది చల్లారేదాకా దూరంగా నిలబడింది. తర్వాత దాన్ని బండి మీద పెట్టి, నాన్నని వెంటబెట్టుకుని షాంగ్ వదిన దగ్గరికి తోసుకెళ్ళింది.

షాంగ్ మీటరు పెట్టి చూసింది. నొక్కి చూసింది, వాసన చూసింది. చివరికి ముసలాయన వైపు తిరిగింది.

"పెద్దయ్యా, చిలగడదుంప అనుకున్నావా దీన్ని, కాల్చడానికి?"

"చలేస్తోందని..."

"దానికి చలేస్తోందని అది చెప్పిందా నీకు? ఒళ్ళు ఉబ్బలేదు గనక బతికిపోయారు. మళ్ళీ పొయ్యి ఛాయలకి పోనిచ్చావంటే నిన్నూ దాన్నీ కలిపి మంచులో కూర్చోబెడతాను." తర్వాత రుయిచిన్‌తో గొంతు తగ్గించింది. "చార్జింగ్ గీతలు నిండుగా చూపిస్తుంది గానీ నమ్మకు. లోపల సగం చచ్చింది. పోవడం వరకు పోతారు. రావడం నేను చెప్పలేను. రేపు నేనే నా బండి మీద తిప్పుతానులే."

"రేపటికి మంచు ఉండదు వదినా. పొద్దుగూకితే కట్ట ఎక్కనివ్వరు."

షాంగ్ ఆ రోజే టౌను నుంచి సరుకు తెచ్చుకోవాలి, తన బండికి అప్పుడే ట్రాలీ తగిలించేసింది. ఇద్దరి మొహాలూ చూసి, రుయిచిన్ బండి టైర్లలో కొంచెం గాలి తీసి, "మంచు మీద పట్టు ఉంటుంది" అంది. "కదిలేటప్పుడు కాలితో తోసి, తర్వాతే కరెంటు ఇవ్వు. బ్రేకు మెల్లగా. తొందరపడ్డావో, ఇద్దరూ పల్టీ..."

"ఆ మాట అనకు!" అని ముసలాయన అరిచాడు. పడవవాళ్ళ ఎదుట ఆ మాట అనకూడదు.

అలా మధ్యాహ్నం దాటాక బయల్దేరారు. వెనక సీటు మీద ముసలాయన, చెవుల దాకా టోపీ, ఒళ్ళో వేడినీళ్ళ ఫ్లాస్కు. ముందు ఎర్రబొంత. ఊరు దాటి కరకట్ట ఎక్కేసరికి లోకం తెల్లగా మెత్తబడిపోయింది. కట్టకి రెండు పక్కలా విల్లో చెట్ల సన్నటి కొమ్మలన్నిటికీ రాత్రి పొగమంచు పట్టి గడ్డకట్టింది. ఎండ తగిలిన చోట అది ఊడి, చప్పుడు లేకుండా వాళ్ళ మీద రాలుతోంది. బండి కూడా చప్పుడు చేయదు కదా. చక్రాల కింద పలచటి మంచు కరకరమనడం, వెనక నాన్న ఊపిరి, అంతే. రుయిచిన్‌కి తను నడుపుతున్నట్టే లేదు. చిన్నప్పుడు అమ్మ వీపున నిద్రపోతూ ఎక్కడికో పోతున్నట్టు, ఎక్కడికైనా ఫరవాలేదన్నట్టు ఉంది. ఎదురుగాలి లేచింది. బొంత మోకాళ్ళకి అతుక్కుంది. బొంతకి అవతల చలి, ఇవతల అమ్మ.

ఎదురుగాలి బ్యాటరీని తినేస్తోందని తెలుస్తూనే ఉంది. గీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. వెనక్కి తిరిగిపోదామా అని నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ముసలాయన ఆమె భుజం తట్టి, "అదిగో!" అన్నాడు.

పాత రేవులో ఏమీ మిగల్లేదు. నాలుగు రాతిమెట్లు, పడవలు కట్టే గుంజ ఒకటి. వాటి కింద నుంచి అవతలి ఒడ్డు దాకా నది నిలిచిపోయి ఉంది. మంచు పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కి, బూడిదరంగులో, లేతపసుపులో, అక్కడక్కడ నీలంగా మెరుస్తున్నాయి. ఎక్కడో లోపల నీళ్ళు నడుస్తున్న సన్నటి రొద. మంచు మీద నడవొద్దని ఎర్రబోర్డు పెట్టారు. ముసలాయన బోర్డు వైపు చూడలేదు, మంచు మీద కాలూ పెట్టలేదు. చివరి మెట్టు మీద నిలబడి గుంజ పట్టుకున్నాడు.

"ఇక్కడే నిలబడ్డాను. దూరంగా ఎర్రటి చుక్క ఒకటి కదిలి వస్తోంది. ముందు ఆ బొంతే కనిపించింది, తర్వాత మనిషి. జారిపడింది. లేచింది. నేను అడుగు వేయబోతే 'అక్కడే ఉండు, నీ బరువుకి మంచు విరిగితే ఇద్దరం పోతాం' అని అరిచింది. అవే నాతో ఆవిడ మొదటి మాటలు."

"మరి నువ్వేమన్నావు?"

"'పడవ పంపలేకపోయాను' అన్నాను. 'పంపుదువులే, ముందు టీ పొయ్యి' అంది." ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పంపలేదమ్మా. పట్టింపులని, పనులని, రేపని. ఒక్కసారి ఎక్కిస్తే పడవ మునుగుతుందా? వెధవ పట్టింపు!"

పడవవాడి నోట మునగడమన్న మాట రావడం రుయిచిన్ అదే మొదటిసారి వినడం. నాన్న చెయ్యి పట్టుకుంది. ఫ్లాస్కులోంచి మూతనిండా వేడినీళ్ళు పోసింది. ఆయన రెండు గుక్కలు తాగి, మిగిలినవి మంచు మీద పోశాడు. ఆవిరి లేచి, గాలికి ఒరిగి, ఊరి వైపు పోయింది.

తిరుగు ప్రయాణంలో కట్ట మీదికి ఎక్కారో లేదో బండి ఆగిపోయింది. తాళంచెవి తిప్పితే దీపం కూడా వెలగలేదు. ఫోను తీసి చూస్తే అదీ చలికి చచ్చి ఊరుకుంది. కనుచూపు మేర మనిషి లేడు. పొద్దు వాలుతోంది. ఊరు దాకా నడవడం ఆమెకే కష్టం. ఆ గుండెతో ఆయన ఎలా నడుస్తాడు? బండి మీద కూర్చోబెట్టి తోయబోయింది. నాలుగు బారలు పోయేసరికి కాళ్ళు జారి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నిన్ను తీసుకురాకుండా ఉండాల్సింది నాన్నా. నీకేమైనా అయితే..."

"ఏడుపు ఆపు. గాలి ఎటు నుంచి వస్తోంది?"

"ఎటు నుంచైతే ఏమిటి?"

"చెప్పవే పిచ్చిదానా!"

పోయేటప్పుడు ఎదురొచ్చిన గాలి ఇప్పుడు వీపు మీద కొడుతోంది. ఊరి వైపు పోతోంది.

ముసలాయన అప్పటికే బొంత ముడి లాగేశాడు. వరదకి గండ్లు పూడ్చడానికి కట్ట పక్కన కుప్పవేసిన విల్లో గడల్లోంచి తిన్నటివి రెండు ఏరాడు. వెనక సీటుకి చెరో పక్క నిలబెట్టి బొంత తాళ్ళతోనే బిగించాడు. వాటి మధ్య ఎర్రబొంతని తెరచాపలా సాగదీసి కట్టి, కింది అంచు సీటు కిందికి దోపాడు. ఆ చేతులు రోజూ గంజిగిన్నె పట్టుకుంటే వణికేవి. ఇప్పుడు ఒక్కసారి కూడా తడబడలేదు. సీటెక్కి, గడలు రెండూ చెరో చేత్తో పట్టుకున్నాడు.

"ఎక్కు. చుక్కాని నీదే."

"ఆడదాన్ని ముందు కూర్చోబెడుతున్నావు, అరిష్టం కాదూ?"

"మీ అమ్మ నోరే వచ్చింది నీకు. కాలితో తొయ్యి!"

తోసింది. బొంత ఒకసారి దబదబ కొట్టుకుని, ఉన్నట్టుండి గాలి నింపుకుని బిగిసింది. బండి కదిలింది. ముందు నడక వేగం, తర్వాత పరుగు. కరెంటు లేదు, చప్పుడు లేదు. "బిగించి పట్టకు, అది లాగినప్పుడు కాస్త ఇచ్చి మళ్ళీ తీసుకో" అని వెనక నుంచి ఆయన చెబుతూనే ఉన్నాడు. కట్ట నదైపోయింది. విల్లో చెట్లు ఒడ్డులా వెనక్కి జరిగిపోతున్నాయి. వాలుతున్న ఎండలో ఎర్రబొంత వెలుగు ఆమె చేతుల మీద, ముందున్న మంచు మీద పడి పరిగెడుతోంది. ఆ వెలుగులో జంట బాతుల నీడలు ఈదుతున్నాయో, తన కళ్ళే చెమర్చాయో ఆమెకి తెలియలేదు.

వెనక ముసలాయన మాటలు ఆగిపోయాయి. రుయిచిన్‌కి భయమేసింది. తిరిగి చూస్తే చుక్కాని తప్పుతుంది. ఇంతలో మెల్లగా, ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో, ఆయన అన్నాడు.

"సుజెన్, ఎక్కావా?"

అది తనతో అన్న మాట కాదని రుయిచిన్‌కి తెలుసు. ఏడుపు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుని చుక్కాని పట్టుకుంది.

"భయం లేదు," అన్నాడాయన. "నేను పట్టుకున్నాను."

ఊరి మొగదల కట్ట వంపు తిరిగే చోట గాలి తగ్గింది. బండి తనంతట తనే నెమ్మదించి, షాంగ్ దుకాణం ముందుకొచ్చి ఆగింది. ట్రాలీలోంచి టైర్లు దింపుతున్న షాంగ్ ఒక టైరు కాలి మీద వేసుకుంది.

"ఇదేం వేషం పెద్దయ్యా? చచ్చిన బ్యాటరీతో ఎలా వచ్చారు మీరు?"

"బ్యాటరీ ఎందుకే," అన్నాడు ముసలాయన గర్వంగా, చలికి బిగుసుకుపోయిన వేళ్ళని గడల మీద నుంచి విడిపించుకుంటూ. "మా ఇంటావిడ బొంత ఉండగా!"

షాంగ్ తిడదామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి, లోపలికి వెళ్ళి వేడి టీ తెచ్చింది. ఆయన టీ తాగకముందే బొంత విప్పి, మంచు దులిపి, బండి ముందు మళ్ళీ తన ముడి వేసి కట్టాడు.

మర్నాడు తెల్లవారుజామున నది విరిగింది. ఆ చప్పుడుకి కిటికీలు అదిరాయి, ఊరి కుక్కలన్నీ మొరిగాయి. రుయిచిన్ లేచి నాన్న గదిలోకి పరుగెత్తింది. ఆయన పొయ్యి వైపు తన చోట్లో, తన రజాయి కప్పుకుని, కళ్ళు మూసుకునే వింటున్నాడు.

"నాన్నా, మంచు పోతోంది."

"పోనీలే అమ్మాయ్," అన్నాడు. "మేం దాటేశాం."